అరవై మూడో ఫొటో

నాణియాల దాటినాక చెంగల్రాయుడు
గుప్పెడు దుమ్ము ఎగరేసి చూసినాడు.
"గాలి మన మీదికే. కూసో."

కౌండిన్యలో నీళ్ళు మోకాటి లోతు.
తొమ్మిది ఏనుగులు, ఒక గున్న.
తొండాన్ని ఏం చేసుకోవాలో తెలీక
గున్న దాన్నే తొక్కుకుంటా ఉంది.

మొదటి క్లిక్కుకే
విసిరే చెవులన్నీ ఆగినాయి.
ఘీంకారం లేదు, పరుగు లేదు.
పొద్దుగూకి అంగళ్ళు మూసినట్టు
ఒక్కొక్క కడుపూ వచ్చి పక్క కడుపుకు ఆనింది.
గున్న ఉన్న చోట
ఇప్పుడన్నీ కాళ్ళే.

"ముందర నిలబడిందే, చెవి చిరిగింది,
అది తల్లి గాదు సామీ.
తల్లి పోయిన కార్తీకంలో
టమోటా తోట కాడ కరెంటు తీగ తగిలి పడిపాయె.
ఇవి మూడు రాత్రులు కదల్లేదు ఆడ్నించి."

తోట ఎవరిదని నేనడగలేదు.
అతను ఏటికేసి చూస్తా
చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు.

పలమనేరు లాడ్జిలో
ఫ్యాను కింద కూర్చుని ఒక్కొక్కటే జరిపినాను.
అరవై రెండు ఫొటోల నిండా
బురద ఎండిన గోడ.

అరవై మూడోదాంట్లో
రెండు కాళ్ళ సందున
తడి తొండం కొస,
మా వైపుకే తిరిగి
వాసన పడతా.