నల్లా వచ్చే రోజు

బర్కత్‌పురా చమన్ వెనక గల్లీలో
మా స్టూడియోకి రోజు విడిచి రోజు నీళ్లు.
తెల్లారుజామున నాలుగింటికి
పైపులో ముందు గాలి దగ్గుతుంది,
తర్వాత తుప్పు, ఆ తర్వాత నీళ్లు.
ఆ దగ్గుకే నిద్ర లేచేవాణ్ణి.

హైపో పలుకులు పటికబెల్లంలా ఉంటాయి.
బకెట్లో పోసి కట్టెతో తిప్పుతుంటే
మే నెలలో కూడా బకెట్ చల్లబడుతుంది.
దానికి చెంప ఆనించి కూచునేవాణ్ణి, పదిహేనేళ్ల పిల్లగాణ్ణి.
"దాంతో మొహం కడుక్కునేవ్,
జిందగీ మొత్తం ఇట్లనే ఉండిపోతవ్"
అని నవ్వేవారు ఖుద్రతుల్లా సాబ్.

ఎర్ర బల్బు కింద బొమ్మ తేలడం అందరికీ ఇష్టమే.
చూడవచ్చిన చుట్టాలు అక్కడికే అబ్బురపడి వెళ్లిపోయేవాళ్లు.
అసలు పని ఆ తర్వాత.
వెలుతురు తాకని వెండినంతా హైపో తినాలి,
తిన్న హైపోని నీళ్లు తియ్యాలి.
కాగితాలు ఒకదానికొకటి అంటకుండా
వేళ్లతో విడదీస్తూ, అడుగుదాన్ని పైకి తెస్తూ
గంట సేపు.
నేను గడియారం వైపు చూస్తే
"పానీకా కామ్ పానీకు కర్నే దేవ్" అనేవారు సాబ్.

చివర్న ఒక పరీక్ష.
గ్లాసు నీళ్లలో చిటికెడు పర్మాంగనేటు,
వంకాయ రంగు.
ఫొటో మూల నుంచి కారే బొట్లు అందులో పడాలి.
రంగు నిలిస్తే ఫొటో నిలుస్తుంది.
పోతే, మళ్లీ తొట్టిలోకి.

ఎనభై ఆరు ఎండాకాలం.
నాలుగు రోజులుగా పైపు దగ్గలేదు.
అంబర్‌పేట బాలనర్సమ్మ
రెండేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని దిగిన ఫొటో
సాయంత్రానికల్లా కావాలంది.
సాబ్ జుమ్మా నమాజుకు పోయారు.
ఉన్నది అర బకెట్. అందులోనే ముంచి తీశాను, ఆరుసార్లు.
గ్లాసులో రంగు పోయింది.
గ్లాసు కడిగి బోర్లించాను.

పదకొండేళ్లకు వచ్చింది, ఫొటో కొంగులో చుట్టుకుని.
అప్పటికి సాబ్ లేరు.
కుర్చీ అట్లాగే ఉంది, ఆమె చీర గళ్లు అట్లాగే ఉన్నాయి,
ఒళ్లో పిల్ల దగ్గరే చాయ్ ఒలికినట్టు.
"మా ఇంట్ల పొగకేమో కొడుకా" అంది,
తప్పు తన పొయ్యి మీదే వేసుకుని.
"పిల్ల లేదిప్పుడు. గిదొక్కటే."
పొయ్యిది కాదు అనబోయాను. అనలేదు.

నెగటివ్ దొరికింది, బిస్కెట్ డబ్బాలో.
ఆ రోజు నల్లా రోజు కాదు.
ఆమె బయటికి పోయింది.
ఏ గడపలో అడిగిందో, రెండు బిందెలు తెచ్చింది.
మళ్లీ పోయింది. మళ్లీ.
తొట్టి పక్కన నిలబడి తనే పోసింది.
పిల్లను నేను నీళ్లలో అటూ ఇటూ తిప్పుతుంటే
"సలి పెడ్తదేమో" అంది,
అని, చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఎనిమిదో బిందె తర్వాత
గ్లాసులోకి బొట్లు రాల్చాను.
పది. ఇరవై. ముప్పై దాకా లెక్కపెట్టాను.
వంకాయ రంగు అట్లాగే ఉంది.
ఆమెకు ఆ రంగు సంగతి తెలీదు.
నేను గ్లాసు వైపే చూస్తుంటే
"దూపయితుందా?" అనడిగింది.