ఏడో నంబరు గది

గురువారాల్లో వస్తుంది, రాత్రి పదకొండు దాటాక.
కామతా స్టేషన్‌కి పడమటి వైపు మా కరోకే,
మూడో అంతస్తు, లిఫ్టులో ఎప్పటిదో సిగరెట్టు వాసన.
పుస్తకంలో ఒరితో చిగుసా అని రాస్తుంది.
ఎంతమంది అని అడగాలి నేను, అది రూలు.
ఒక్కదాన్నే అంటుంది,
ప్రతిసారీ అప్పుడే తెలిసిన సంగతి చెప్పినట్టు.

ఏడో గది. ఊలాంగ్ టీ ఒకటి, ఐసు వద్దు.
ఎంచుకునేవన్నీ ఊరి పాటలే,
ఊరంటే ఈ మహానగరం,
మా అమ్మ పెళ్ళికి ముందు పాడుకున్నవి.
మొదటి గిటారు మోతకే నాకు కథ తెలిసిపోతుంది:
వాన పడుతుంది, ఆఖరి రైలు వెళ్ళిపోతుంది,
నియాన్ దీపం నీటిగుంటలో పడి వణుకుతుంది,
స్టేషన్ బయట ఎవరో ఎవరికోసమో నిలబడతారు.
ఇన్ని లక్షలమంది వచ్చిపోయే చోట
ఆ ఒక్కరే ఎందుకు రారో ఏ పాటా చెప్పదు.
చెబితే రెండో చరణం ఉండదు కాబోలు.

ఆమె పాడదు.
మూడు వారాలు పట్టింది నాకది తెలియడానికి.
టీ పట్టుకుని తలుపు తోస్తే
మైకులు రెండూ బల్లమీదే, తొడుగులైనా విప్పకుండా.
వాయిద్యాలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.
పాడేవాళ్ళు లేని అక్షరాలు
తెల్లగా వచ్చి, నీలంగా మారి, పోతున్నాయి.
ఆమె అక్షరాల వెనక్కి చూస్తోంది.

అక్షరాల వెనక్కి ఎవరు చూస్తారు?
అక్కడెప్పుడూ ఉండే వీడియోనే: కాలువ గట్టు, జల్లు,
లేతాకుపచ్చ గొడుగు, దాని కింద ఒక అమ్మాయి.
తొలిప్రేమ పాటకీ ఆ అమ్మాయే, విడాకుల పాటకీ ఆ అమ్మాయే,
బారు మూసేసి మెట్లు దిగే ఆవిడ పాటకీ అదే నడక.
వంతెన మధ్యలో ఆగుతుంది,
ఎడమచేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది.
శనివారం రాత్రులు వరసగా తలుపులు తెరుస్తూ పోతే
ఎనిమిదో గదిలో వంతెన దాటేసి ఉంటుంది,
పదో గదిలో ఇంకా గొడుగు విప్పి ఉండదు.

గ్లాసు అందుకోబోతూ
ఈవిడ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.
ఎడమచేత్తో.

ట్రే పట్టుకుని అలాగే ఉండిపోయాను.
"ఆ వాన అబద్ధం" అంది, తెరమీంచి చూపు తిప్పకుండా.
"ఏప్రిల్. మబ్బు తునకైనా లేదు.
లారీ మీద ఇద్దరు నిలబడి గొట్టంతో పోశారు.
నువ్వు ఎదురుచూస్తున్నావమ్మా, అన్నాడు డైరెక్టరు.
ఎవరికోసమండీ అంటే ఆయనకీ తెలీదు.
బూట్లనిండా నీళ్ళు, కడుపులో ఆకలి,
వ్యానులో నా భోజనం డబ్బా
ఎవరైనా తినేస్తారేమోనని దిగులు.
ఆ మొహమే అది."

ఒక్కరోజు కూలి, రైలు ఛార్జీ వేరే.
ఆ భోజనం దిగులుకేసి చూస్తూ
ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది గుమాస్తాలు
టై వదులు చేసుకుని ఏడ్చారో.
ఆవిడ ఇప్పుడు విమానాశ్రయం దారిలో లాండ్రీలో
హోటళ్ళ దుప్పట్లు మడతపెడుతుంది.

నవంబరులో కంపెనీనుంచి కాగితం వచ్చింది.
పాత వీడియోలు తీసేస్తున్నాం,
బదులుగా రంగు చుక్కలూ ఎగిరే గీతలూ వస్తాయి,
సోమవారం రాత్రి యంత్రాలన్నీ ఆన్ చేసి ఉంచగలరు.
ఆన్ చేశాను. ఏడో గదిది మాత్రం వైరు పీకేశాను.
ఫారంలో 'ఎలుక కొరికింది' అని రాశాను.
మేనేజరు కువబారా గారు పాపం నమ్మి
ఎలుకల మందు తెప్పించారు, రెండు డబ్బాలు.

ఎనిమిదో గదిలో పాడి పాడి
ఒక పెద్దమనిషి బిల్లు కట్టడానికొచ్చి అడిగాడు,
ఆ గొడుగు పిల్ల ఏమైందయ్యా అని.
ఇంటికెళ్ళిపోయిందండీ, పొద్దుపోయింది కదా, అన్నాను.
మంచిదే, మంచిదే, అంటూ
చిల్లర మర్చిపోయి లిఫ్టెక్కాడు.

గురువారం.
సోఫా మూల మందు డబ్బా చూసి
కాళ్ళు పైకి ముడుచుకుంది చిగుసా గారు.
"ఎలుకలా?"
"అవునండీ."
ఒక్క క్షణం నా వంక చూసి,
పాట మార్చింది.