గొర్రెల లెక్కల పుస్తకం

మా గ్రంథాలయంలో పుస్తకాలు నాలుగు వేలు,
కంప్యూటర్ ఒక్కటి.
దాన్ని బొగ్గుల పొయ్యి పక్కన పెట్టాను,
చలికి మనుషులకంటే ముందు అదే మొరాయిస్తుంది.
కనుమ మీద మంచు పడితే
మొదట రోడ్డు పోతుంది, తర్వాత కరెంటు,
ఆఖరికి ఇంటర్నెట్టు.
తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వరస తప్పుతుంది,
ఎందుకో నరీన్ నుంచి వచ్చిన ఇంజనీరుకే తెలీలేదు.

అందుకని నాకో నోటుబుక్కు.
కల్ఖోజు మూతపడిన ఏడు
ఎవరో పారేసిన గొర్రెల లెక్కల పుస్తకం,
వెనక సగం ఖాళీ.
అందులో వెబ్‌సైట్ల పేర్లు చేత్తో రాస్తాను.
చుక్క ఎక్కడో, అడ్డగీత ఎక్కడో
పిల్లల కంటికి ఆనేలా ఎర్ర సిరాతో.
పక్కనే నా మాట ఒకటి:

'భిన్నాలు నేర్పుతుంది. రొట్టె కోసి చూపిస్తుంది.
తెరుచుకునేలోపు టీ పెట్టుకోవచ్చు.'

'నక్షత్రాల పటం. రాత్రి చూడాల్సింది,
కానీ ఐదింటికి తాళం వేస్తాను.
చీకటి పడేట్టు చేసే మీట కుడివైపు, కింద.'

'మంచు చిరుత గురించి. సగం అబద్ధం.
మిగతా సగం ఎసెన్‌కుల్ వాళ్ళ తాతనడగండి.'

'అమ్మానాన్నలకు. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడితే ఏం చెయ్యాలో ఉంది.
నాకు పిల్లల్లేరు. అయినా పనికొచ్చింది.'

'టీచర్లకు. వెనిగర్‌తో అగ్నిపర్వతం.
నా బల్ల మీద వద్దు.'

ఒకటి అడ్డంగా కొట్టేశాను.
బహుమతి గెలిచావు, నాన్న ఫోన్ నంబరివ్వు అంటుందది.

ముకంబెత్ మాస్టారు పేజీలు తిరగేసి నవ్వారు.
"వెతికితే అన్నీ దొరికేవే కదమ్మా."
"దొరుకుతాయి మాస్టారూ,
కొండెక్కితే మేకలూ దొరుకుతాయి.
ఏది ఎవరిదో తెలియొద్దూ?"

నవంబరులో జూరకన్ వచ్చింది.
చేతికి పాల వాసన, బూట్లకి పేడ.
గడప దాటకుండా నిలబడింది.
వెనకాల ఆరేళ్ళ ఐజిరెక్.
జ్వరం వచ్చి పోతూ పోతూ
పిల్ల చెవుల్లోంచి చప్పుళ్ళన్నీ ఊడ్చుకుపోయిందట.
"చేతుల్తో మాట్లాడ్డం నేర్పేది
ఆ పుస్తకంలో ఏదైనా ఉందా?"

వేలు పెట్టి వెతికాను, పేజీ తర్వాత పేజీ.
భిన్నాలున్నాయి, చిరుతుంది, నక్షత్రాలున్నాయి.
ఇంత ఎర్ర సిరా, ఇన్ని చుక్కలు.
లేదని తల ఊపాను.
ఐజిరెక్‌కి ఆ మాట మాత్రం వెంటనే అర్థమైంది.

మూడు రోజులు పట్టింది.
చేతులకీ భాషలుంటాయనీ,
వాటికీ సరిహద్దులుంటాయనీ
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నాకెవరూ చెప్పలేదు.
నాలుగోనాడు ఒకావిడ కనబడింది.
ఆకుపచ్చ స్వెట్టరు, తొందరలేని వేళ్ళు,
ఒక్కో అక్షరం పువ్వు విప్పినట్టు విప్పుతోంది.

జూరకన్ కుర్చీ అంచున కూర్చుంది.
మాట సగంలో ఉండగా సిగ్నల్ పోయింది.
తెర మీద చెయ్యి గాల్లో ఆగింది.
జూరకన్ చెయ్యీ అక్కడే ఆగింది.
నిండు పాలబిందె మోస్తున్నట్టు
వణక్కుండా, దించకుండా
పదకొండు నిమిషాలు.
నేను గడియారం చూడకుండా ఉండలేకపోయాను.
పొయ్యిలో బొగ్గు విరిగింది.
అప్పుడు ఆవిడ వేళ్ళు కదిలాయి, ఈవిడవీ.

పిల్లకి ముందు పట్టుబడ్డ మాట అమ్మ కాదు,
వేడి.
పొయ్యిని చూపించి వేడి, టీని చూపించి వేడి,
ముకంబెత్ మాస్టారి బట్టతలని చూపించి వేడి.
తర్వాత నన్ను చూపించి తల్లి వైపు తిరిగింది.
నా పేరు ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు.
కాసేపు నన్నే చూసింది.
వేలు నాలుకకి అద్ది
గాల్లో ఒక పేజీ తిప్పింది.
ఇప్పుడు బడి పిల్లలంతా నన్నలాగే పిలుస్తారు,
చెవులు బాగున్నవాళ్ళు కూడా.

ఆ రాత్రి పుస్తకంలో రాశాను:
'చేతుల భాష. మెల్లగా తెరుచుకుంటుంది.
మధ్యలో ఆగితే చెయ్యి దించకండి.'

మొన్నటి నుంచి అది తెరుచుకోవడం లేదు.
చిరునామా మారిందో, ఆవిడే మానేసిందో.
కొట్టెయ్యడానికి మనసొప్పలేదు.
ఐజిరెక్ ఆ వరస కింద, నా కలంతోనే,
గుర్తున్న చేతులన్నీ గీస్తోంది.
కొన్నిటికి ఆరేసి వేళ్ళు.
గొర్రెల లెక్కల పుస్తకం కదా,
ఒకటి ఎక్కువొస్తే
ఇక్కడెవరూ సరిదిద్దరు.