గోతికి వేసిన రంగు

మా కొండమీద జూన్ అంటే మంచు.
చర్చి రేకుల కప్పు కింద
పదకొండు మంది పిల్లలు, పదకొండు దుప్పట్లు,
అందరికీ కలిపి తొమ్మిది క్రేయాన్లు.
అందులో తెల్లది ఎందుకూ పనికిరాదు,
అయినా ముందు దానికోసమే కొట్టుకుంటారు.

శనివారం రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని
కార్బన్ కాగితాల మీద యోసేపును గీశాను.
ఒకసారి నొక్కి గీస్తే నలుగురు యోసేపులు.
నాలుగోవాడికి ముక్కు సరిగా పడదు.
చేయి తిరిగినదాన్ని కాను;
నా ఒంటె ఎప్పుడూ గాడిదలాగే వస్తుంది.
లెసోతోలో, మా ఊళ్లో, ఒంటెను చూసినవాళ్లెవరూ లేరు కనక
బతికిపోతున్నాను.

నిలువుటంగీ అని చెప్పాను.
పిల్లలకి దుప్పటి అని వినిపించింది.
విననీ.
లిపువో తన భుజం మీది అంచు చూసి చూసి
యోసేపు ఒంటినిండా మొక్కజొన్న పొత్తులు దించింది.
మొట్లలెపులా, వానతో వచ్చినవాడు,
గాలికి ఎగిరిపోకుండా మెడ దగ్గర పిన్నీసు పెట్టాడు.
అన్నలు పదిమందికీ ఒకటే మట్టిరంగు.
ఎందుకురా అంటే
"కోపంగా ఉన్నారు కదా, వాళ్లకి రంగులెందుకు?"

గీత దాటొద్దు, గీత దాటొద్దు అంటూ
బెంచీల మధ్య తిరుగుతున్నాను.
ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన పాఠం
ఈ రెండు మాటలేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

కాట్లెహో అంగీ జోలికే పోలేదు.
కాగితం అడుగున, ఓ మూలకి,
అన్నలు తోసిన గొయ్యి గీశాను
కుండమూతంత.
దాన్ని నల్లగా రుద్దుతున్నాడు.
రుద్ది రుద్ది
కాగితం చిరిగి కింద బల్ల కనిపించింది.
నల్ల ముక్క అరిగిపోయిందని మిగతావాళ్ల గోల,
ఇక యోసేపు జుట్టుకి ఊదారంగే గతి.

"మ్మే," అన్నాడు. ఇక్కడ అమ్మని అలా పిలుస్తారు, టీచర్నీ.
"మ్మే, ఇది ఎన్ని మీటర్లు?"
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
తెలీదు నాన్నా, లోతుగానే ఉండుంటుంది.
"మా నాన్నది రెండు వేలు."
పసుపు ముక్క తీసి
ఆ నలుపులో ఒక్క చుక్క పెట్టాడు.
"తలకి దీపం. లేకపోతే రొట్టె కనిపించదు."

సరిహద్దు అవతల బంగారు గనికి వెళ్లిన మనిషి,
ఈస్టర్ నుంచి కబురు లేదు.
యోసేపును ఎంత వెండికి అమ్మారో
ఆ రోజు చెప్పాల్సిన లెక్క.
చెప్పలేదు.

"పైకొస్తాడా?"
క్రేయాన్ల గీకుడు ఆగిపోయింది.
సగం మంది నాన్నలు అక్కడే ఉన్నారు మరి.
కథ నాకు కంఠతా వచ్చు.
వస్తాడు. వచ్చి అమ్ముడుపోతాడు. ఆపైన చెరసాల.
చెరసాల బొమ్మ వచ్చే వారానికని
అప్పటికే నా సంచిలో ఉంది.
వస్తాడు, అన్నాను. అక్కడే ఆగాను.
సగంలో ఆపితే
నిజం కూడా దొంగలా నిలబడుతుంది.

కాట్లెహో తలూపి తెల్ల క్రేయాన్ అడిగాడు.
తెల్ల కాగితం మీద తెల్ల రంగు,
గొయ్యి అంచు నుంచి కాగితం అంచు దాకా,
నాలుక బయటపెట్టి, చాలాసేపు.
నా గీతలన్నీ దాటుకుంటూ పోయాడు.
నేనేమీ అనలేదు.
ఏమిటిది?
"తాడు. అన్నలకి కనపడకూడదు."

బొమ్మ ఇంటికి పట్టుకెళ్లనన్నాడు,
అమ్మ చూస్తే ఏడుస్తుందట.
అందుకే నా దగ్గరుంది.
కొవ్వొత్తికి ఏటవాలుగా పట్టుకుంటే
మైనం సన్నగా మెరిసి
కాగితం అంచు దగ్గర ఆగుతోంది.

చెరసాల బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను.
గోడలు మందంగానే గీశాను, కిటికీ చిన్నది.
ఇంకేదో గీయాలి, ఏదో తెలియదు.
కార్బన్ అరిగిపోయింది,
ఇంకో నలుగురు యోసేపులకి వస్తుందేమో,
ముక్కులు లేకపోయినా.