మూడో గేరు చాలు

తాళాలు ఇదిగో కార్విన్.
స్టార్ట్ చెయ్యి. కదలకు.
ఇంజన్ అలా నడవనిచ్చి బోనెట్ ఎత్తు,
ఆ సన్నటి పుల్ల లాగు, తుడువు, మళ్ళీ ముంచు,
టార్చి వెలుగులో చూడు.
దానిమ్మ గింజ రంగుండాలి.
ఇప్పుడు వాసన. సిగ్గెందుకు, ముక్కు దాకా తెచ్చుకో.
మాడిన రొట్టె వాసనొస్తే
ఈ రాత్రికి ప్రయాణం లేదు,
తేనెటీగలకు నేను నచ్చజెప్పుకుంటాను.

రాదు, నాకు తెలుసు.
అయినా చూడాలి.

ఈ పజెరో నీకంటే తొమ్మిదేళ్ళు పెద్దది.
వెనక ట్రైలర్‌లో ఇరవై నాలుగు పెట్టెలు,
వల కింద ఒక్కో పెట్టె ఒక్కో ఊరు.
థైమ్ పూత అయిపోయిన అలెగ్జాండ్రా కొండల నుంచి
నీలిపూలు విచ్చిన ఒమరామాకి
తెల్లారేలోపు చేరాలి.
బరువు ఇరుసుకి కాస్త ముందుకే సర్దాను,
తోక బరువెక్కితే బండి మన మాట వినదు.

పాత గేర్‌బాక్స్‌ని చంపింది డెస్మండ్.
జనవరి నెల, వాయవ్యపు వడగాలి,
మిట్టమధ్యాహ్నం లిండిస్ కనుమ ఎక్కుతున్నాం.
ఓవర్‌డ్రైవ్ ఆపమన్నాను.
ఏ గేరు కావాలో బండికే తెలుసులే అన్నాడు.
బండికి తెలీదు కార్విన్.
నాలుగు, మూడు, మళ్ళీ నాలుగు, మళ్ళీ మూడు,
నిద్రపట్టని మనిషి పక్కమీద దొర్లినట్టు దొర్లింది.
పై మలుపు రాకముందే పొగ.
డికాషన్‌లా నల్లటి నూనె తారు మీద కారింది.
పెట్టెల్లో మైనం మెత్తబడుతుంటే
నేను తాగేనీళ్ళు మూతలమీద చల్లుతూ కూర్చున్నాను,
అతను సిగ్నల్ కోసం గుట్టెక్కాడు.
ఆ రోజు ఒక్క మాటా అనుకోలేదు.
తర్వాత చాలా అనుకున్నాం.

ఇప్పుడున్నది టిమారులో కొన్న పాత సరుకు.
రేడియేటర్ ముందు ఆ చిన్న జాలీ చూశావా,
నూనె చల్లబడటానికి నేనే బిగించాను,
రెండు వేళ్ళు చీరుకుపోయాయి.
నూనె మొత్తం కడిగేద్దామంటే
యార్డు ముసలాయన హోరొమోనా ఒప్పుకోలేదు.
అరిగిన పళ్ళేలు ఆ అరిగిన పొడితోనే
పట్టు నిలుపుకుంటాయి తల్లీ,
ఒక్కసారే శుభ్రం చేస్తే జారిపోతాయి.
నాలుగు లీటర్లు తియ్యి, నాలుగు లీటర్లు పొయ్యి.
నెలాగి మళ్ళీ.

ఆ రాత్రే డెస్మండ్‌కి ఉత్తరం రాశాను,
నాలుగు లైన్లు.
నెలాగి మళ్ళీ నాలుగు.
మూడో నెల జవాబొచ్చింది,
ట్రైలర్ లైట్ల వైరింగు గురించి.

సరే, విను.
ఎదురొచ్చే దీపాలు నా కళ్ళకి
పత్తికాయల్లా పగులుతున్నాయి,
రాత్రిపూట నడపొద్దన్నాడు డనీడిన్ డాక్టరు.
అందుకే నువ్వు.
నేను పక్కన బూట్లు విప్పుకు కూర్చుంటాను,
అరికాళ్ళతో వింటాను.
టారస్ దాటాక మూడో గేరు.
నాలుగోది ఉందని మర్చిపో.
వెనక లారీవాడు హారన్ కొడితే
పక్కకి తప్పుకుని పోనియ్యి,
వాడి గేర్‌బాక్స్ వాడిది.
ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే ఆగు.
ఇంజన్ మాత్రం ఆపకు,
న్యూట్రల్‌లో పెట్టి ఊపిరి తీసుకోనియ్యి.
ఫ్లాస్కులో టీ ఉంది.
టస్సాక్ గడ్డి గాలికి ఎటు వంగుతోందో చూద్దాం,
నువ్వు చూసి నాకు చెబుదువుగాని.
దిగేటప్పుడు బ్రేకు మీద నిలబడకు,
రెండో గేరు పట్టుకుంటుంది,
ముసలిదే గాని చెయ్యి వదలదు.

ఒమరామాలో గేటు దగ్గర
ఒకాయన లాంతరు పట్టుకుని నిలబడుంటాడు.
నన్నేమీ అడగకు.
దీపాల వైరింగు సరిగ్గా ఉందో లేదో
ఆయనే ముందు చూస్తాడు.

పుల్ల లోపల పెట్టావా?
బోనెట్ మెల్లగా మూయ్,
అవి పడుకున్నాయి.