బిల్లులో ఒక గడి

ప్రొద్దుటూరులో మా అంగడికి
జొన్నగిరి నుంచి మూడు బస్సులు మారి వచ్చింది సుంకులమ్మ.
కొంగుముడిలో ఒక రాయి,
జత పోయిన కమ్మ ఒకటి.
"దీన్ని కరిగించి, దాన్ని పొదిగి
ముక్కుపుడక చేయప్పా."

కమ్మను గీటురాయి మీద గీసినా. మంచి బంగారమే.
రాయిని లెన్సు కింద పెట్టినా.
ఎట్ల చెప్పాలో తెలీక
కుంపటి ఊదినా కాసేపు.

"అమ్మా, ఇది వజ్రం కాదు. పలుగు."
"తెలుసులే. పోయినేడే సేట్లు ముగ్గురు చెప్పిరి.
పదకొండు వానలు చేన్లల్లో వంగి వంగి వెతికితే
చేతికొచ్చింది ఇదొక్కటే."

బస్సు టికెట్టు వెనక బొమ్మ గీసి చూపినా,
ఎనిమిది రేకులు.
వద్దంది. నాలుగు పట్లు చాలు,
రాయి కనపడాల.
తరుగు దగ్గర మాత్రం గంట కొట్లాడింది,
గురిగింజలో సగమెత్తు తగ్గించినాక గానీ
అడ్వాన్సు ముడి విప్పలా.

వజ్రానికైతే వెనక తెరిచి పెడతాం,
వెలుతురు పారేదానికి.
పలుగుకు రేకు వేసి మూస్తాం.
దీనికి తెరిచే పెట్టినా.
ఆమెకు చెప్పలా.

పన్నెండో దినం వచ్చింది.
పెట్టుకుంది. తుమ్మింది. నవ్వింది.
బిల్లు రాస్తున్నా: బరువు, మజూరి, తరుగు.
రాయి పేరు అనే గడి కాడ
పెన్ను నిలబడింది.

"రాయి" అనింది సుంకులమ్మ.