ఊరబెట్టిన సీసా

గ్రిమ్స్‌బీలో వాన అడ్డంగా కురుస్తుంది.
రేవు గాలి తోస్తే నా దుకాణం గంట
దానంతటదే మోగుతుంది,
ఎవరూ రాకపోయినా నేను తలెత్తుతాను.

ఆ మంగళవారం నిజంగానే వచ్చింది డోరీన్ ప్లాస్కిట్.
ముప్పై ఒక్క ఏళ్లు హాడాక్ చేపల్ని
పొగలో వేలాడదీసిన మనిషి,
నలభై ఆరేళ్లు తనూ పొగలో వేలాడిన మనిషి.
సిగరెట్ మానేసి పదకొండు రోజులు.
కౌంటర్ మీద సీసా టక్కున పెట్టి
"కస్టర్డ్ అని అమ్మావు,
ఇది జుట్టుకి కొట్టుకునే స్ప్రే" అంది.

తేదీ చూశాను. నాలుగు రోజుల పసికూన.
"ఇంకా ఊరాలి" అన్నాను.
"బీరువాలో, చీకట్లో, మేజోళ్ల వెనక దాచు.
రోజుకోసారి కుదుపు.
మూడు వారాలు మూత తీయకు."
"చేపకైతే ఒక్క రాత్రి చాలు"
గొణుక్కుంటూ వానలోకి వెళ్లింది.

మూడు వారాలకి ద్రవం టీ రంగుకి తిరిగింది.
దుకాణంలోనే నిలబడి ఒక్క దమ్ము లాగింది.
కళ్లు మూసుకుంది.
నోరూరినట్టుంది, గుటక పడింది.
ఏమీ అనలేదు. ఇంకో రెండు సీసాలు కొంది.

గుర్రప్పందేల నష్టాలు రాసే చిన్న పుస్తకాన్ని
వెనకనుంచి తిప్పి మొదలుపెట్టింది:

అక్టోబరు. వెనిలా. అడుగున గుడ్డు సొన. చివర్లో జాజికాయ.
నవంబరు. జాజికాయ లేదు.
నవంబరు చివర. తీపి. ఏ తీపో?
డిసెంబరు. వేడి గాలి.

"చచ్చింది సీసానా, నేనా?"

నేను కలిపేవాణ్ణి, నాకు కొంత తెలుసు.
నిమ్మ అందరికన్నా ముందు పారిపోతుంది.
పుదీనా పక్కవాళ్లని మాట్లాడనివ్వదు.
వెనిలా ఆలస్యంగా వచ్చి అందరి తర్వాత లేస్తుంది.
పొద్దున నాలుగో చుక్క దాటాక
నా నాలుకా గుడ్డిదే.
పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ
ఒకే జిహ్వకి నెలకో రుచైతే
ఫిర్యాదు ఎవరి మీద రాయాలి?

నీళ్లు తాగమన్నాను. కాఫీ గింజలు వాసన చూడమన్నాను.
"అలవాటైపోయింది డోరీన్,
గోడ గడియారం చప్పుడులా.
కొన్నాళ్లు రుచి లేనిదే తాగు."
ఆమె నవ్వింది:
"తెలుసులే. బస్సులో పక్కసీటు మనిషి లేచి వెళ్తే తప్ప
నా కోటుకి పొగ పట్టిందని
నాకెప్పుడు తెలిసింది గనక."

జనవరిలో ఒక శుక్రవారం గంట మోగింది.
గాలే అనుకుని తల ఎత్తలేదు.
కాగితం పొట్లం నా ముందు పడింది,
లోపల పసుప్పచ్చని హాడాక్, ఇంకా చల్లగా.

"రాత్రి పాలల్లో ఉడికించాను.
దీంట్లో ఓక్ చెక్క ఉందని,
తొక్క దగ్గర తేనె లాంటిదేదో ఉందని
నాకెవరూ చెప్పలేదేం?
ముప్పై ఒక్క ఏళ్లు ఈ చేతుల్తోనే చేశాను కదా."

కాసేపు వాన చూసింది.
"ఇది కొత్త కుర్రాళ్ల పొగ.
నా కొట్టం పడగొట్టి ఆరేళ్లయింది.
నువ్వు కొనేవాడివిగా, నాది ఎలా ఉండేది?"

కొనేవాణ్ణి. ప్రతి శుక్రవారం. ఇరవై ఏళ్లు.
రోజుకో పెట్టె కాలుస్తూ.
తేనె అనబోయాను. ఓక్ అనబోయాను.
మాట నాలుక మీదికి వచ్చి
నాలుకని చూసి సిగ్గుపడింది.

"ఉప్పగా" అన్నాను.

పుస్తకం తీసింది. పెన్సిల్ తడి చేసుకుంది.
తేదీ వేయకుండా
ఆ ఒక్క ముక్క రాసుకుంది.
రుచి లేని సీసా ఒకటి కొని,
చిల్లర లెక్కపెట్టి,
చేపని నాకే వదిలేసి వెళ్లింది.